బోసి నోటికి పళ్ల సెట్టు కొలత: తరచుగా అడిగే ప్రశ్నలు

పళ్ల సెట్టు కోసం వచ్చే పెద్దవాళ్లు, వాళ్లను వెంటబెట్టుకొచ్చే కొడుకులూ కూతుళ్లూ కోడళ్లూ మా దంత వైద్యశాలలో కుర్చీ దగ్గర అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. కొలత అంటే ఇక్కడ సెట్టు కోసం చిగుళ్ల అచ్చు తీయడం. రోజుకు నాలుగుసార్లు చెప్పే జవాబులే కాబట్టి ఒకచోట రాసి పెట్టాను. దేనికది విడిగా చదువుకోవచ్చు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## కొలత తీసే ముందు

పళ్లన్నీ తీయించుకుని పదిహేను రోజులైంది. కొలత ఇప్పుడే ఇచ్చేయొచ్చా?

ఇవ్వొచ్చు, కాకపోతే ఆ సెట్టు కొన్నాళ్లకే వదులవుతుందని తెలిసి ఇవ్వాలి. పన్ను తీసిన గుంట పైకి కొన్ని వారాల్లో మూసుకున్నట్టు కనిపిస్తుంది. లోపల ఎముక సర్దుకోవడానికి మాత్రం నెలలు పడుతుంది. ఎముక ఎక్కువగా అరిగేది మొదటి ఆరు నెలల నుంచి ఏడాదిలోపే. అందుకే కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటాం, వీలైతే మూడు నెలలు. అంతకాలం బోసి నోటితో ఉండలేనంటే తాత్కాలిక సెట్టు చేయించుకుని, తర్వాత దానికి లోపల లైనింగ్ వేయించుకోవచ్చు, లేదా కొత్తది చేయించుకోవచ్చు. ఇంట్లో పెళ్లి ఉంటే చాలామంది ఈ తాత్కాలిక సెట్టు దారే పడతారు. తప్పేం లేదు.

కొలతకి వచ్చే ముందు పాత సెట్టు తీసేసి ఉండమన్నారు. అంత అవసరమా?

అవసరమే. బిగుతు చెప్పులు విప్పాక పాదం మీద గాడి ఎలా కనిపిస్తుందో, వదులైన పాత సెట్టు కింద చిగురు కూడా అలాగే అణిగి, ఒక్కోచోట వాచి ఉంటుంది. ఆ స్థితిలో కొలత తీస్తే అణిగిన చిగురుకే కొత్త సెట్టు తయారవుతుంది. రెండు రోజుల్లో చిగురు తన ఆకారానికి వచ్చేసరికి సెట్టు ఒకచోట నొక్కుతుంది, ఇంకోచోట ఆనదు. ప్రాక్టీసు కొత్తలో నేనూ ఈ తొందర పడ్డాను. పాత సెట్టు తీయించిన పావుగంటకే ఫైనల్ కొలత తీసి, ఆ సెట్టును మళ్లీ మొదటి నుంచి చేసిచ్చాను.

కనీసం ఒక రాత్రీ ఒక పగలూ తీసి ఉంచండి. చిగురు బాగా ఎర్రబడి ఉంటే ఇంకా ఎక్కువ రోజులు కావాలి. ఉద్యోగం వల్లో, నలుగురిలో తిరగాల్సి రావడం వల్లో అది కుదరదంటే, పాత సెట్టులోనే టిష్యూ కండిషనర్ అనే మెత్తటి పొర వేసి, కొద్ది రోజులకోసారి మారుస్తూ చిగురును నయం చేసే పద్ధతి ఉంది.

మా అమ్మది శ్రీకాకుళం వైపు, చాలా ఏళ్లు అడ్డపొగ తాగింది. డాక్టరు కొలత ఆపేసి అంగిలి నుంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. సెట్టుకీ దానికీ ఏమిటి సంబంధం?

ఆ డాక్టరు చేసింది సరైన పని. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్లలో తరతరాలుగా ఉంది. ఆ వేడీ పొగా నేరుగా తగిలేది అంగిలికే. అక్కడ తెల్లటి మచ్చలు, ఎర్రటి ప్యాచీలు, మానని పుండ్లు వస్తాయి, కొన్ని క్యాన్సరుగా మారతాయి. పై సెట్టు వేశామంటే అదే అంగిలిని రోజంతా కప్పేస్తుంది. కింద ఏం పెరుగుతోందో కనిపించదు, నొప్పి వచ్చినా "సెట్టు గుచ్చుకుంటోంది" అనుకుంటారు. రిపోర్టు వచ్చేదాకా కొలత ఆగినా నష్టం లేదు.

మేం అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద వస్తున్నాం. ఈలోపు నాన్నగారికి సెట్టు పూర్తవుతుందా?

చిగుళ్లు ఆరోగ్యంగా ఉంటే సెట్టు చేతికి రావడానికి మూడు వారాలు చాలు. మామూలుగా ఐదుసార్లు రావాలి: మొదటి కొలత, రెండో కొలత, దవడల ఎత్తు చూడడం, మైనం మీద పళ్లు పేర్చి చూపించడం, సెట్టు ఇవ్వడం. అసలు చిక్కంతా ఆ తర్వాతే. గుచ్చుకునే చోట్ల అరగదీయించుకోవడానికి ఇంకో రెండు మూడుసార్లు రావాలి. మీ విమానం ఎక్కే రోజుకి సెట్టు ఇప్పించేలా ప్లాను చేయకండి. మీరు వెళ్లాక నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషి ఎవరో ముందే చూసుకోండి.

## మొదటి కొలత

ఒకచోట వేడి నీళ్లలో మెత్తబరిచిన గోధుమరంగు ముద్దతో తీశారు, ఇంకోచోట పౌడరు నీళ్లలో కలిపి తీశారు. ఏది మంచిది?

రెండూ మంచివే, పనులు వేరు. గోధుమరంగు ముద్ద ఇంప్రెషన్ కాంపౌండ్. సుమారు 60 డిగ్రీల నీళ్లలో మెత్తబడి, నోట్లో చల్లబడుతూ గట్టిపడుతుంది. అది చిక్కగా ఉంటుంది కాబట్టి బుగ్గల్నీ నాలుకనీ పక్కకు నెట్టి లోతు దాకా వెళ్తుంది. గట్టు (పళ్లు పోయాక దవడ మీద మిగిలే ఎముక దిమ్మ) అరిగిపోయిన కింది దవడకు ఇది బాగా పనికొస్తుంది. బాగా రాకపోతే మళ్లీ వేడి చేసి సరిచేసుకోవచ్చు. సన్నటి వివరాలు మాత్రం పట్టుకోదు, మెత్తటి చిగురును నొక్కేస్తుంది.

పౌడరు ఆల్జినేట్, సముద్రపు నాచు నుంచి తీసిన సరుకు. వివరాలు బాగా పట్టుకుంటుంది, గట్టు కింద నొక్కు (లోపలికి వంగిన గుంట) ఉన్నా సాగి బయటికి వస్తుంది. దాని బలహీనత నీరు. గాలికి వదిలేస్తే ఎండి కుంచించుకుపోతుంది, నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది. తీసిన వెంటనే, పది పదిహేను నిమిషాల్లో, ప్లాస్టర్ పోత పోయాలి. కొలత తీసి, ట్రేను బల్ల మీద పెట్టి ఇంకో పేషెంటును చూడడానికి వెళ్లారంటే ఆ కొలత మీద నమ్మకం తగ్గించుకోవచ్చు. మే నెలలో ఇంకో తంటా: కుళాయి నీళ్లు వేడిగా ఉంటే ట్రే నోట్లోకి వెళ్లేలోపే ఆల్జినేట్ గట్టిపడుతుంది. చల్లటి నీళ్ల సీసా పక్కన పెట్టుకోవడం మా అందరికీ అలవాటే.

నోట్లో ట్రే పెట్టగానే వాంతి వస్తుంది. కొలత లేకుండా సెట్టు చేయలేరా?

కొలత తప్పదు, వాంతిని మాత్రం తగ్గించవచ్చు. పడుకోబెట్టకుండా నిటారుగా కూర్చోబెట్టి, తల కొద్దిగా ముందుకు వంచమనాలి. పదార్థం గొంతులోకి జారుతుందేమో అన్న భయమే సగం వాంతి. ముక్కుతో గాలి పీల్చడం ముందే రెండుసార్లు చేసి చూడండి. కింది కొలత ముందు తీస్తే ధైర్యం వస్తుంది, అంగిలి జోలికి వెళ్లదు కదా. ట్రే లోపల ఉన్నంతసేపూ ఒక కాలు పైకెత్తి పట్టుకోమంటే ధ్యాస మళ్లుతుంది. వినడానికి చిట్కా వైద్యంలా ఉంటుంది గానీ చాలామందిలో పనిచేస్తుంది. కొలత రోజు కడుపునిండా తిని రాకండి.

ఒకసారి కొలత తీశారుగా, మళ్లీ రెండోసారి ఎందుకు? మొదటిది సరిగా రాలేదా?

మొదటి కొలత రెడీమేడ్ ట్రేతో తీస్తాం. అది మీ నోటికోసం చేసింది కాదు. అంచుల దగ్గర పదార్థం బుగ్గను బయటికి నెట్టేస్తుంది, అందుకే వచ్చిన అచ్చు అసలు నోటికంటే పెద్దగా ఉంటుంది. ఆ అచ్చు మీద మీ ఒక్కరికే సరిపోయే ట్రేను అక్రిలిక్‌తో చేయిస్తాం. దాని అంచు బుగ్గ మడతకు సుమారు 2 మిల్లీమీటర్లు ఎడంగా ఉండాలి. ఆ ఎడంలోనే రెండో కొలత పని జరుగుతుంది. రెడీమేడ్ చొక్కా కొలతలతో గుడ్డ కత్తిరించి, ఒంటికి వేసి చూసి కుట్టినట్టు.

## రెండో కొలత

ఆకుపచ్చ కడ్డీ కాల్చి ట్రే అంచులకు పెట్టి, మూతి అష్టవంకర్లు తిప్పమన్నారు. దేనికి?

నా దృష్టిలో సెట్టు నిలబడేదీ లేచిపోయేదీ తేలేది ఇక్కడే. పై సెట్టు జారకుండా ఉండటానికి జిగురేమీ పెట్టం. చిగురుకీ సెట్టుకీ మధ్య పలుచటి ఉమ్మి పొర, చుట్టూ గాలి చొరబడని అంచు, ఇవే దాన్ని పట్టి ఉంచుతాయి. అంచు పొట్టిగా ఉంటే గాలి దూరుతుంది. పొడుగ్గా ఉంటే మాట్లాడిన ప్రతిసారీ బుగ్గ కండరం దాన్ని కిందికి తోసేస్తుంది, పుండూ చేస్తుంది.

అంచు ఎంత పొడుగుండాలో కండరం కదిలితేనే తెలుస్తుంది. అందుకే ఆ కడ్డీని (ఇదీ వేడికి మెత్తబడే కాంపౌండే) కొద్దికొద్దిగా మెత్తబరిచి, ఒక్కో చోట పెట్టి ఒక్కో పని చేయిస్తాం. పెదవులు సున్నాలా చుట్టి, తర్వాత నవ్వితే ముందు అంచు వస్తుంది. నోరు బాగా తెరిచి దవడను అటూ ఇటూ జరిపితే పై దవడ వెనక బుగ్గ వైపు అంచు తేలుతుంది. నాలుక బయటికి చాపి, కుడి బుగ్గకూ ఎడమ బుగ్గకూ ఆనిస్తే కింది సెట్టు లోపలి అంచు దొరుకుతుంది. "ఆ" అనమంటే అంగిలి వెనక ఎక్కడ కదులుతోందో కనిపిస్తుంది, పై సెట్టు ఆ గీత దగ్గర ఆగాలి. సిగ్గుపడి సగం సగం కదిపితే సగం కొలతే వస్తుంది. మీ అబ్బాయి ముందు మొహమాటమైతే ఆయన్ని కాసేపు బయట కూర్చోమనండి.

ఈ పని బాగా కుదిరిందో లేదో మీరే చూసుకోవచ్చు. పై ట్రే నోట్లో పెట్టి డాక్టరు చేయి తీసేస్తే, అది పడిపోకుండా పట్టుకుని ఉండాలి.

నొక్కకుండా తీసే కొలత, నొక్కి తీసే కొలత, కొన్నిచోట్లే నొక్కే కొలత అంటున్నారు. వీటిలో ఏది బెస్టు?

ఇది వందేళ్ల నాటి తగువు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో గ్రీన్ సోదరులు, అన్నం నమిలేటప్పుడు చిగురు అణుగుతుంది కాబట్టి అణిగిన ఆకారానికే కొలత తీయాలన్నారు. తినేటప్పుడు అది బాగానే ఉంటుంది. కానీ మనం రోజంతా తింటూ ఉండం. మిగతా గంటల్లో అణిగిన చిగురు లేవాలని చూస్తూ సెట్టును తోస్తుంది. ఆగకుండా నొక్కిడి పడిన చోట ఎముక కూడా తొందరగా అరుగుతుంది.

1940ల నాటికి పేజ్ అనే దంత వైద్యుడి వాదం దీనికి పూర్తిగా ఎదురు నిలిచింది. చిగురు కదలకుండా, ఉన్నది ఉన్నట్టు కొలత తీయాలి అన్నాడు. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందన్న పాస్కల్ సూత్రాన్ని సాక్ష్యం తెచ్చాడు. వాదన ముచ్చటగానే ఉంది గానీ చిగురు మూసిన పాత్ర కాదు. చిల్లు పడ్డ నీళ్ల ప్యాకెట్టును నొక్కితే నీరు బయటికి పోయినట్టు, చిగురులోని ద్రవమూ పక్కకు పోతుంది. పైగా ఆ పద్ధతిలో అంచులు పొట్టిగా వదిలేసేవాళ్లు, దాంతో గాలి చొరబడేది.

1950 ప్రాంతంలో కార్ల్ బౌచర్ అనే దంత వైద్యుడు మధ్యేమార్గం బలంగా ముందుకు తెచ్చాడు. నోట్లో అన్నిచోట్లా బలం ఒకటి కాదు. అంగిలి పక్క భాగాలు, కింది దవడలో బుగ్గ వైపున అరుగులా ఉండే గట్టి ఎముక బరువు మోయగలవు. అంగిలి నడిమి గీత, పై ముందు పళ్ల వెనక ఉండే చిన్న బుడిపె మోయలేవు. మోయలేని చోట ట్రే లోపల మైనంతో ఖాళీ వదులుతాం, మోయగల చోట ట్రే దగ్గరగా ఉంటుంది. మన దంత వైద్య కళాశాలల్లో ఎక్కువగా నేర్పేది ఇదే, నేనూ మామూలు నోళ్లకు ఇదే వాడతాను. కానీ "బెస్టు" అనే మాట పద్ధతికి అంటించలేం. చిగురు గట్టిగా, సమంగా ఉన్న నోట్లో మూడింట్లో ఏదైనా నడుస్తుంది. ఊగే చిగురు మీద నొక్కితే మూడు నెలల్లో తిరిగొస్తారు. నోరు చూసి పద్ధతి ఎంచుకోవాలి తప్ప, పద్ధతి ఒకటి పట్టుకుని నోళ్లన్నీ దాంట్లోకి తోయకూడదు.

లవంగనూనె వాసన వచ్చే పేస్టు చవక, సిలికాన్ ఖరీదు. డబ్బు పెట్టినంత తేడా ఉంటుందా?

నొక్కులు లేని, తడిగా ఉన్న ఆరోగ్యమైన చిగుళ్లకు పేస్టుతో చక్కటి కొలత వస్తుంది. అది జింక్ ఆక్సైడ్ యూజినాల్. పలుచగా పరుచుకుంటుంది, సన్న గీతలు కూడా పట్టుకుంటుంది. వేడికీ తేమకీ త్వరగా గట్టిపడుతుంది కాబట్టి విశాఖలోనో కాకినాడలోనో ఉక్కపోత రోజున చేతులు చకచకా ఆడాలి. పెదవులకు అంటుకుంటుంది, ముందే వాజిలీన్ రాస్తాం. కొందరికి నోరు మండుతుంది, లవంగనూనె పడనివాళ్లకు వాడకూడదు.

గట్టు కింద లోతైన నొక్కులు ఉంటే పేస్టు గట్టిపడ్డాక సాగదు, విరుగుతుంది. అక్కడ సిలికాన్ కావాలి. సిలికాన్ ఆకారం రోజుల తరబడి మారదు, ల్యాబు వేరే ఊళ్లో ఉన్నా భయం లేదు. లేటెక్స్ గ్లోవ్స్‌తో కలిపితే మాత్రం కొన్ని రకాలు సరిగా గట్టిపడవు. ఇంగ్లండులోని లీడ్స్‌లో జరిగి 2014లో వెలువడిన పరీక్షలో ఒకే మనిషికి ఆల్జినేట్ కొలతతో ఒక సెట్టు, సిలికాన్ కొలతతో ఒక సెట్టు చేసిచ్చి ఏది నచ్చిందో అడిగారు. ఎక్కువమంది సిలికాన్ సెట్టునే ఎంచుకున్నారు. అక్కడ పోటీ ఆల్జినేట్‌తో, పేస్టుతో కాదని గుర్తుంచుకోండి.

మా ఊళ్లో ఒకే కొలతతో సెట్టు చేసిస్తున్నారు. అది మోసమా?

తప్పనిసరిగా మోసం కాదు. కెనడాలోని మాంట్రియల్‌లో 122 మందితో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో సగం మందికి రెండు కొలతల పూర్తి పద్ధతిలో, సగం మందికి ఒకే ఆల్జినేట్ కొలతతో సెట్లు చేశారు. పేషెంట్ల తృప్తిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పరీక్షలన్నిటినీ కలిపి చూసిన 2018 నాటి కాక్రేన్ సమీక్ష కూడా, ఫలానా పద్ధతి ఫలానా పదార్థం మిగతావాటికంటే మేలని నమ్మకంగా చెప్పే ఆధారం లేదంది.

కాలేజీలో రెండు కొలతలు తప్పనిసరి అని నేర్చుకున్న మాలాంటివాళ్లకు ఇది మింగుడుపడని సంగతే. అయినా ఒక మాట. అక్కడ ఒకే కొలత తీసింది చేయి తిరిగినవాళ్లు. నోట్లోకి చూడకుండా, పుండు ఉందో లేదో తడమకుండా పది నిమిషాల్లో ట్రే పెట్టి తీసి, డబ్బు లెక్కపెట్టుకునేదాన్ని ఆ అధ్యయనంతో సమర్థించలేం. ఇచ్చాక అరగదీయడానికి మళ్లీ రమ్మంటారా అని అడగండి. ఆ జవాబులో మనిషి తెలుస్తాడు.

## చిక్కు నోళ్లు

పై చిగురు ముందు భాగం వేలితో నొక్కితే ఊగుతోంది. సెట్టు ఆగుతుందా?

పైన సెట్టు, కింద ముందు వైపు సొంత పళ్లు మాత్రమే మిగిలి ఏళ్లు గడిచినవాళ్లలో ఇది ఎక్కువ. కింది పళ్లు గుద్దీ గుద్దీ పై ఎముక కరిగి, దాని స్థానంలో మెత్తటి కండ మిగులుతుంది. మామూలుగా ట్రే నొక్కితే అది వంగిపోతుంది, వంగిన ఆకారానికే సెట్టు వస్తుంది, తర్వాత అది లేచి సెట్టును తోస్తుంది. అందుకని ట్రేలో సరిగ్గా ఆ భాగం మీద కిటికీలా కోస్తాం. మిగతా నోటికి పేస్టుతో కొలత తీసి, ట్రే నోట్లో ఉండగానే కిటికీలోంచి పలుచటి ప్లాస్టర్‌ గానీ సిలికాన్‌ గానీ నొక్కకుండా పూస్తాం. ఊగే కండను కోసేయడం చివరి దారి. అది పోతే ఆ కాస్త గట్టూ పోతుంది.

నాన్నగారి కింది దవడ పూర్తిగా చదునైపోయింది. మూడు సెట్లు మార్చాం, ఏదీ నిలవలేదు.

కింది దవడ గట్టు పైదానికంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువ అరుగుతుందని టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు ఏళ్ల తరబడి పేషెంట్లను గమనించి 1972లో చూపించింది. చదునైన దవడ మీద బుగ్గ, నాలుక కింది మడతలు వచ్చి పడతాయి. పలుచటి పదార్థాలు ఆ మడతల్ని పక్కకు నెట్టలేవు. ఇక్కడ నాకు బాగా పనికొచ్చింది మెకార్డ్, టైసన్ అనే దంత వైద్యులు చెప్పిన మిశ్రమం: 3 పాళ్లు గోధుమరంగు కాంపౌండ్, 7 పాళ్లు ఆకుపచ్చ కడ్డీ, 60 డిగ్రీల నీళ్లలో పిండిలా పిసికి ట్రేలో పెట్టడం. ఒకటి రెండు నిమిషాలు మెత్తగా ఉంటుంది, ఆలోపు పెదవీ నాలుకా కదిపించి అంచులు తెప్పించాలి. తర్వాత ట్రేను వేలితో నొక్కితే ఎక్కడ నొప్పిగా ఉందో పెద్దాయన చెబుతారు. ఆ చోట్లు మెత్తబరిచి మళ్లీ పెడతాం.

మూడు సెట్లు పోయాయంటే నాలుగోది ఎలా తీసినా అంతంతమాత్రమే కావచ్చు, ఆ మాట ముందే చెప్పాలి. ఆరోగ్యం, డబ్బు సహకరిస్తే కింది దవడ ముందు భాగంలో రెండు ఇంప్లాంట్లు వేసి వాటికి సెట్టును బిగించడం మేలు. 2002లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు కింది బోసి దవడకు మొదట ఆలోచించాల్సిన చికిత్స ఇదేనన్నారు.

అమ్మకు షుగరు, బీపీ మందులు. నోరు ఎప్పుడూ ఎండిపోతుంది. ఏ కొలత మంచిది?

పేస్టు వద్దు, పొడి చిగురుకు అతుక్కుని మండిస్తుంది. సిలికాన్ నయం. కొలతకు ముందు గుక్కెడు నీళ్లు తాగించాలి. తెల్లటి పొర, ఎర్రదనం ఉంటే అది ఫంగస్ కావచ్చు, ముందు దానికి మందు వాడాలి. ఉమ్మి తక్కువైతే ఎంత మంచి కొలతకైనా పట్టు తగ్గుతుంది.

## స్కానరు

కెమెరాతో స్కాన్ చేస్తే ఈ ముద్దల గోలే ఉండదుగా?

పళ్లున్న నోట్లో స్కానరు హాయిగా పనిచేస్తుంది, బోసి నోరు దానికి కష్టం. ఒక ఫొటోను ఇంకో ఫొటోతో అతికించుకోవడానికి దానికి గుర్తులు కావాలి. నున్నటి తడి చిగురు మీద అవి తక్కువ. అంగిలి కదలదు కాబట్టి పై దవడ కొంత నయం. కింది దవడలో నాలుక, బుగ్గ, ఉమ్మి అన్నీ అడ్డం వస్తాయి. పైగా స్కానరు చూసేది కదలని చిగురును. బుగ్గ కదిలినప్పుడు అంచు ఎక్కడ ఆగాలో దానికి తెలియదు.

ప్రస్తుతం నాకు నచ్చిన దారి మామూలుగా సిలికాన్ కొలత తీసి, ఆ కొలతను స్కాన్ చేసి, మెషీన్ మీద సెట్టు చేయించడం. ఫైలు దాచి ఉంటుంది కాబట్టి సెట్టు పోయినా విరిగినా మళ్లీ కొలత లేకుండా ఇంకోటి చేయించుకోవచ్చు. తీర్థయాత్రల్లో సెట్టు పోగొట్టుకొచ్చే పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది చిన్న సుఖం కాదు.

## సెట్టు వచ్చాక

పై సెట్టు బాగుంది, కిందిది లేస్తోంది. కింది కొలత తప్పు తీశారా?

తప్పు కావచ్చు, కాకపోవచ్చు. కింది సెట్టు ఆనే చోటు పైదాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. అంగిలిలాంటి వెడల్పు కింద లేదు, నడుమ నాలుక తిరుగుతుంటుంది. నోరు కొద్దిగా తెరిచి, నాలుకను ముందు పళ్ల వెనక ఆనించి కదలకుండా కూర్చోండి. అప్పుడూ లేస్తుంటే అంచు పొడుగై ఉండవచ్చు, అరగదీస్తే సరిపోతుంది. మాట్లాడేటప్పుడే లేస్తుంటే నాలుక ఇంకా అలవాటు పడలేదు, కొన్ని వారాలు ఇవ్వండి. పళ్లు కలిపినప్పుడే పక్కకు జారుతుంటే తప్పు కొలతలో కాదు, పై పళ్లూ కింది పళ్లూ కలిసే తీరులో ఉంది. ఈ మూడింట్లో ఏదో గమనించి వెళ్లి చెబితే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

ఐదేళ్ల సెట్టు వదులైంది. మళ్లీ మొదటి నుంచి కొలతలు ఇవ్వాలా?

పళ్లు అరగకుండా, ముఖం ఎత్తు తగ్గకుండా ఉంటే అక్కర్లేదు. ఆ సెట్టునే ట్రేగా వాడి, లోపల పలుచగా పదార్థం పూసి, మీరు పళ్లు మెల్లగా కలిపి పట్టుకుని ఉండగా కొలత తీస్తారు. ల్యాబులో దాన్ని కొత్త లైనింగ్‌గా మారుస్తారు. ఆ ఒకటి రెండు రోజులూ సెట్టు ల్యాబులో ఉంటుంది, గంజి, పెరుగన్నంతో సరిపెట్టుకోవాలి. పళ్లు బాగా అరిగి, గడ్డం ముక్కు దగ్గరికి వచ్చి, పెదవుల చివర్లు పగులుతుంటే లైనింగ్ మీద డబ్బు పెట్టకండి, కొత్త సెట్టే చేయించుకోండి.